ఎవరి ఒళ్లు, ఎవరి మాట

(తెనాలిలో మా సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను వికలాంగ స్త్రీల హక్కుల గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. పెద్ద విషయాల మీద మాట్లాడితే అందరం తలలూపి ఇళ్లకు వెళ్లిపోతాం. అందుకని చిన్న విషయం ఒకటి తీసుకుంటాను: పచ్చబొట్టు. ఇప్పటి పిల్లలు టాటూ అంటున్నారు. ఆటిజం ఉన్న మనిషి తన ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలి? ఇదీ ప్రశ్న. మీలో కొందరు నవ్వుతున్నారు. నేనూ మొదట నవ్వాను. వరకట్నం చావులు, యాసిడ్ దాడులు ఉండగా మనకు ఇదొకటా అనుకున్నాను. తెనాలి, రేపల్లె, బాపట్లలో మూడు ఇళ్లకు వెళ్లి వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆ ఇళ్ల వాళ్ల పేర్లు చెప్పను. పోల్చుకోగల ఆనవాళ్లు మార్చాను.

మొదటి ఇల్లు ఈ ఊళ్లోనే. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ చదివింది. రైళ్లంటే ప్రాణం. తెనాలి జంక్షన్ నుంచి పట్టాలు నాలుగు వైపులకు పోతాయి కదా - విజయవాడ వైపు, గుంటూరు వైపు, బాపట్ల మీదుగా చెన్నై వైపు, రేపల్లె వైపు. ఆ నాలుగు గీతల బొమ్మను చిన్నప్పటి నుంచీ నోటు పుస్తకాల్లో గీస్తోంది. ఇప్పుడు దాన్ని ఎడమ చేతి మీద పొడిపించుకుంటానంటోంది. తన జీతం డబ్బులతోనే. వాళ్ల నాన్నగారు చదువుకున్న మనిషి. నాతో చాలా మర్యాదగా మాట్లాడారు. "దానికేం తెలుసమ్మా? రేపు వద్దనుకుంటే పోయేది కాదు. పెళ్లి చూపుల్లో ఏం చెప్పాలి?" అన్నారు. కూతురు అక్కడే కూర్చుని ఉంది. ఆయన ఒక్కసారి కూడా ఆమె వైపు తిరగలేదు.

రెండో ఇల్లు రేపల్లెలో. అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. నాలుగైదు మాటలు తప్ప మాట్లాడదు. పోయిన ఏడాది ఒకరోజు తలుపు తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి గానీ దొరకలేదు. ఆ పూట తను ఎట్లా గడిపిందో వాళ్లమ్మ చెబుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది. ఆడపిల్ల, మాట రాదు, చీకటి పడుతోంది. ఇక ఊహించుకోండి. అప్పటి నుంచి ఆ తల్లి కోరిక ఒక్కటే: కూతురి మణికట్టు మీద తన ఫోను నంబరు పచ్చబొట్టు పొడిపించడం. "చెరిగిపోదు కదమ్మా, అదే నాకు కావాల్సింది" అంది.

ఈ రెండు ఇళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలియదు కాబట్టి ఒంటి మీద గుర్తు పెట్టుకోకూడదని తెనాలి తండ్రి అంటున్నాడు. తెలియదు కాబట్టి ఒంటి మీద గుర్తు పెట్టాలని రేపల్లె తల్లి అంటోంది. ఒకరిది పరువు భయం, ఇంకొకరిది ప్రాణ భయం. రెండూ ఒకటేనని నేను అనను. కానీ రెండిళ్లలోనూ ఆ చెయ్యి ఎవరిదో వాళ్లను మాత్రం అడగలేదు.

మూడో ఇల్లు బాపట్లలో. ఆమెకు అరవై దాటాయి. చిన్నప్పటి నుంచి ఊళ్లో "పిచ్చిది" అని పేరు. ఆటిజమో కాదో నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాను. ఆమెనెవరూ ఎప్పుడూ డాక్టరుకు చూపించలేదు. అమెరికాలో లియో కానర్ 1943లో ఆటిజం గురించి మొదట రాసినప్పుడు ఆయన చూసిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలు. ఆ తర్వాత చాలాకాలం అది మగపిల్లల సంగతేనని అనుకున్నారు. మాట్లాడని ఆడపిల్ల నెమ్మదస్తురాలు, ఎదురు తిరిగితే పొగరుబోతు. ఎటు చూసినా ఆడపిల్లకు ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. సరే, ఈమెకు ఎనిమిదేళ్లప్పుడు దిష్టి పోతుందని, బుద్ధి కుదురుతుందని చేతి మీద పచ్చబొట్టు పొడిపించారట. నలుగురు పట్టుకున్నారట. ఇప్పటికీ ఆ చెయ్యి ఎవరైనా తాకితే ఆమె కేక పెడుతుంది. ఎండాకాలంలో కూడా చేతులు నిండుగా ఉన్న రవిక వేసుకుంటుందని వాళ్ల మేనకోడలు చెప్పింది.

పచ్చబొట్టు మనకు కొత్తది కాదు. మన అమ్మమ్మల చేతుల మీద చుక్కలు, తేళ్లు, తులసికోటలు ఉండేవి. చచ్చినా వెంట వచ్చే సొమ్ము అదొక్కటే అనేవాళ్లు. బంగారం కొనలేని వాళ్లకు అది నగ. పొడిచేది ఎక్కువగా ఎరుకల స్త్రీలు. నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్ర వేయించుకున్న కులం అది. ఇక్కడికి దగ్గర్లో బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఉంది. 1910లలో ప్రభుత్వం ఎరుకల వాళ్లను అక్కడ ఉంచి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించింది. ఊరందరి చేతుల మీద అందంగా చుక్కలు పెట్టిన కులానికి ఊరు పెట్టిన చుక్క అది. మా చదువుకున్న ఇళ్లల్లో పచ్చబొట్టు మోటు అనేవాళ్లు. ఇప్పుడు అదే సూది, పేరు మార్చుకుని అద్దాల దుకాణంలోకి వచ్చేసరికి వేలు పోసి పొడిపించుకుంటున్నాం. అది వేరే కథ.

కావాలని పెట్టుకున్న గుర్తుకూ, పట్టుకుని పెట్టిన గుర్తుకూ తేడా ఏమిటో మనకు బాగా తెలుసు. 1993లో అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు స్త్రీల నుదుటి మీద జేబుదొంగ అని పచ్చబొట్టు పొడిపించారు. ఆ పోలీసులకు సీబీఐ కోర్టు శిక్ష వేసేసరికి 2016 వచ్చింది. తీర్పు కోసం ఇరవై మూడేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. రేపల్లె తల్లిని ఆ పోలీసులతో పోలుస్తున్నానని అనుకోకండి. సూది పట్టించిన వాళ్ల మనసులో ప్రేమ ఉందా, కసి ఉందా అన్నది చర్మానికి తెలియదని మాత్రమే అంటున్నాను. బాపట్ల పెద్దావిడను పట్టుకున్న నలుగురూ ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్లే.

స్త్రీల ఉద్యమం ఈ ప్రశ్నను మొదటిసారి ఎదుర్కోవడం లేదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1985లో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ప్రయోగం అని సరిగా చెప్పకుండా స్త్రీలకు ఇవ్వబోతే స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలిసి ఇచ్చేదే సమ్మతి అని అప్పుడు అన్నాం. 1994లో మహారాష్ట్రలో శిరూరు ప్రభుత్వ వసతి గృహంలోని బుద్ధిమాంద్యం ఉన్న అమ్మాయిలకు పుణేలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత చూసుకోలేరన్నది కారణం. మహిళా సంఘాలు గొడవ చేశాయి. అయితే ఆనాడు మనలో కూడా కొందరు "పాపం, సంరక్షకులు మాత్రం ఏం చేస్తారు" అన్నారు. ఆ మాట నాకు గుర్తుంది. 2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. ప్రభుత్వ గృహంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన అమ్మాయికి కొద్దిపాటి బుద్ధిమాంద్యం ఉందని హైకోర్టు గర్భస్రావానికి ఆదేశించింది. ఆ అమ్మాయి బిడ్డ కావాలంది. ఆమె సమ్మతి లేకుండా చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం ఇప్పుడు ఇంకా స్పష్టంగా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వికలాంగులకు అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. 14వ సెక్షన్ కింద గార్డియన్‌ను పెట్టినా అది ఒక ఫలానా నిర్ణయానికి, ఒక ఫలానా కాలానికే. అదీ ఆ మనిషి ఇష్టం ప్రకారం, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఇచ్చే గార్డియన్ పత్రం ఇంకొకటి ఉంది. పద్దెనిమిదేళ్లు నిండగానే అది తెచ్చుకోవాలని అందరూ అనుకుంటారు. దాన్ని ఇచ్చేది జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ. తెనాలి వాళ్లకు గుంటూరు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక రేపల్లె వాళ్లకు బాపట్ల. తేవద్దని నేను అనడం లేదు. బ్యాంకు పనికీ, ఆస్తి పనికీ అవసరం పడుతుంది. ఆ కాగితం ఉంది కదా అని కూతురి ఒళ్లు మన పేరు మీదికి బదిలీ అయినట్టు కాదు.

ఇక అసలు కష్టం దగ్గరికి వస్తాను. అడగాలి అంటాం. ఎట్లా అడగాలి?

రేపల్లె తల్లి నా మాట విని కూతురిని అడిగింది. "పచ్చబొట్టు పొడిపించుకుంటావా, వద్దా?" "వద్దా" అంది అమ్మాయి. చూశావా, వద్దంటోంది అన్నాను నేను, సంబరంగా. తల్లి నన్ను చూసి నవ్వి, మాట తిరగేసి మళ్లీ అడిగింది. "వద్దా, పొడిపించుకుంటావా?" "పొడిపించుకుంటావా" అంది. చివరి మాటను తిరిగి చెప్పడం ఆటిజం ఉన్న చాలామందిలో ఉంటుంది. సోషియాలజీలో డాక్టరేట్ చేసిన నాకు తెలియనిది ఏడో తరగతి చదివిన ఆ తల్లికి తెలుసు. మనం ఆ తల్లులకు పాఠాలు చెప్పడానికి వెళ్తాం గానీ, నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

అందుకని మాటలు వదిలేశాం. ఆమె చేతి ఫొటో ఒకటి, నంబరు ఉన్న చేతి ఫొటో ఒకటి, సూది ఫొటో ఒకటి తీసుకున్నాం. ఐదు రోజులు, వేరు వేరు వేళల్లో చూపించాం. నాలుగు రోజులు సూది బొమ్మను తోసేసింది. ఐదో రోజు పట్టుకుని కూర్చుంది. ఐదో రోజును పట్టుకుని ఒప్పుకుందని చెప్పుకోవచ్చు. తల్లి చెప్పుకోలేదు.

ఇంకో చిక్కు ఉంది. మన ఆడపిల్లలందరికీ చెప్పిన మాట వినడం నేర్పుతాం. ఆటిజం ఉన్న ఆడపిల్లకు అది రెండింతలు. ఇంట్లో ఒకసారి, శిక్షణ కేంద్రంలో ఇంకొకసారి. చెయ్యి చాపమంటే చాపాలి, చాపితే బిస్కెట్టు. పదిహేనేళ్లు అట్లా పెరిగిన పిల్ల "సరే" అంటే అది ఎవరి సరే? వద్దన్నప్పుడు ఒకసారి కూడా వద్దన్నది జరగని పిల్లకు వద్దనడం ఎట్లా వస్తుంది? కాబట్టి పచ్చబొట్టు దగ్గర మొదలు పెట్టకూడదు. ఈ రోజు ఏ చీర, ఏ కూర, ఎవరు ముట్టుకోవచ్చు, జడ వెయ్యాలా వద్దా - అక్కడి నుంచి రావాలి.

తెనాలి అమ్మాయిది వేరే పరిస్థితి. ఆమె మాట్లాడుతుంది, చదువుతుంది. ఆమెకు కావాల్సింది అనుమతి కాదు, వివరం. ఆటిజం ఉన్న వాళ్లలో కొందరికి తాకిడి, చప్పుడు మామూలు కంటే ఎక్కువగా తగులుతాయి, కొందరికి తక్కువగా. నొప్పి తక్కువగా తెలిసే వాళ్లకు ప్రమాదం ఇంకో రకం, పుండు చీము పట్టినా ఆలస్యంగా తెలుస్తుంది. టాటూ మెషిన్ మోత గంటసేపు చెవి పక్కనే ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. మానేటప్పుడు రెండు మూడు వారాలు దురద, గోకకూడదు. సూది ఇతరులకు వాడింది అయితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రావచ్చు. కొత్త సూదిని మన కళ్ల ముందు విప్పాలి. ఫిట్స్ మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఆ తర్వాత ఏడాది పాటు రక్తదానం చేయకూడదు. ఇవన్నీ కాగితం మీద వరసగా రాసి ఇచ్చాను. ఆమె రెండు రోజులు చదివి ఏడు ప్రశ్నలు రాసి పంపింది. వాటిలో మూడింటికి నా దగ్గర జవాబు లేదు, దుకాణం అబ్బాయిని అడగాల్సి వచ్చింది. ఖాళీగా ఉండే పూట దుకాణానికి వెళ్లి మోత విని, కుర్చీలో కూర్చుని, ఏమీ చేయించుకోకుండా తిరిగి వచ్చింది. ఆగమంటే మధ్యలో ఆపాలని, అరచెయ్యి ఎత్తితే ఆగమని అర్థమని ఆ అబ్బాయితో ముందే చెప్పింది. నేను నా జీవితంలో ఏ ఆపరేషన్‌కూ ఇంత తెలుసుకుని సంతకం పెట్టలేదు.

ఆమె ఒకరోజు నన్ను అడిగింది: "మీరు ముక్కు కుట్టించుకున్నప్పుడు మిమ్మల్ని ఎవరు అడిగారు?" నాకప్పుడు ఐదేళ్లు. ఎవరూ అడగలేదు. వద్దని ఏడ్చాను కూడా. "మరి మా నాన్నగారు మిమ్మల్ని చూసి ఏమీ అనలేదే" అంది.

గోరింటాకు పెట్టుకుని చూద్దామని వాళ్లమ్మ అంది, మంచి ఆలోచనే. అయితే బజార్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో కలిపే రసాయనానికి చర్మం బొబ్బలెక్కవచ్చు. దానికి బదులు అతికించే స్టిక్కర్ చేయించుకుంది.

రేపల్లెలో ఏమైందని అడుగుతారు. పచ్చబొట్టు పొడిపించలేదు. నంబరు ఉన్న కడియం వేశారు, ఆ ఇనుము తగలడం సహించక తీసి పారేసింది. బట్టలకు గుడ్డ ముక్క కుట్టారు, పళ్లతో కొరికేసింది. ఎప్పుడూ వదలని సంచీ ఒకటి ఉంది, దాని లోపల నంబరు రాశారు. స్టేషన్‌లో వాళ్లకు, ఆటో స్టాండులో వాళ్లకు ఫొటో ఇచ్చారు. ఇదంతా చేసినా ఆ తల్లి రాత్రిళ్లు తలుపుకు అడ్డంగా పడుకుంటోంది. ఆమె మళ్లీ పచ్చబొట్టు మాట ఎత్తితే నేనేం చెబుతానో నాకు తెలియదు. కూతురి తరఫున మాట్లాడటం నాకు తేలిక, తలుపు దగ్గర పడుకునేది నేను కాదు.

తెనాలి అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. మూడో స్టిక్కర్ మీద ఉందట. గుంటూరు గీత మణికట్టు ఎముక మీదికి వస్తోందని, అక్కడ సూది పడితే భరించలేనని, బొమ్మ తిప్పి గీస్తోంది. నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సింది ఆయన కాదని చెప్పడానికి వచ్చే ఆదివారం నేను వాళ్లింటికి వెళ్తున్నాను. వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం.