చలి పొద్దున మొరాయించే బండి

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను ఫైళ్లు రాసినవాణ్ని కాను, జీపు నడిపినవాణ్ని. అందుకే నాకు తెలిసిన ముచ్చటే చెప్తాను.

1988 జనవరి. మొగుళ్లపల్లి అప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. ఇంకా తెల్లవారలేదు, నొప్పులు పడుతున్న ఒక తల్లిని పరకాల తీసుకుపోవాలి. పెట్రోలు జీపు. చోక్ పూర్తిగా గుంజి సెల్ఫ్ కొట్టాను, మళ్లీ కొట్టాను. గర్ర్‌మని మూలిగి ఆగిపోయింది. చివరకు వాడకట్టు జనం తోస్తే కదిలింది.

చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆవిరి కానిదే అంటుకోదు. గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడానికే ఆ చోక్. అతిగా గుంజితే ప్లగ్గులు తడిసి అసలుకే మోసం. ఇంజనాయిల్ చూస్తే పేరిన నెయ్యి లెక్క చిక్కబడుతుంది, తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. సరిగ్గా అప్పుడే బ్యాటరీలో రసాయన చర్య మందగించి బలం తగ్గుతుంది.

మరునాడు మేస్త్రీకి చూపించి చలిని తిట్టాను. ఆయన బ్యాటరీ మూతలు విప్పి, "చలి ఏం జేసిందే? ఎండకాలం నీళ్లు వోసినవా?" అన్నాడు. లోపల ప్లేట్లు పైకి తేలి ఉన్నాయి. తప్పు నాదే. బ్యాటరీని ఎక్కువగా దెబ్బతీసేది మన ఎండలే. నీరు ఇంకిపోతుంది, ప్లేట్లు తినుకుపోతాయి. ఆ సంగతి చలికాలం పొద్దున బయటపడుతుంది.

(ఎండల్లో ఆ జీపుకు వేరే రోగం ఉండేది. పైపులోనే పెట్రోలు ఆవిరై పంపుకు అందేది కాదు. తడిగుడ్డ చుట్టి కూర్చునేవాళ్లం.)

ఇప్పటి కార్లకు చోక్ లేదు. ఇంజను వేడిని సెన్సర్ చూసి, ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరే లెక్క కడుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఎక్సలేటర్ తొక్కనక్కరలేదు. డీజిల్ బండైతే స్ప్రింగు బొమ్మ దీపం ఆరేదాకా ఆగాలి. కానీ చాలా కార్లలో బ్యాటరీ ఇంకా ఆ సీసందే. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 కంటే తగ్గితే చార్జింగు పెట్టించండి.

ఆనాడు పరకాలలో ఆ తల్లికి కొడుకు పుట్టాడు. మొన్న సంక్రాంతికి ఊరికొచ్చి, "తాతా, పొద్దుగాల కారు స్టార్ట్ అయితలేదు, చలికేనా?" అన్నాడు. బ్యాటరీ ఎప్పటిదిరా అని అడిగాను. వేసి ఐదేండ్లు దాటిందట.