రాళ్లున్నాయి సరే, నొప్పి ఉందా?



ఈ మీటింగులో ప్రతి సంవత్సరం పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, రికవరీ ఎంత అని చెప్పుకుంటాం. మా లెక్కలు ఈ పుస్తకం వెనక పట్టికలో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మేము చెప్పేది మా మినిట్స్ పుస్తకంలో ఉన్న ఒక తీర్మానం గురించి. 2023 ఆగస్టులో రాశాం. పదకొండు మందిమీ సంతకాలు, వేలిముద్రలు పెట్టాం. ఆ తీర్మానం తప్పు. దానివల్ల మాలో ఒక అక్కకి ప్రాణం మీదికి వచ్చింది.

పేరు చెప్పొద్దంది కాబట్టి బజ్జీల అక్క అంటాం. సాయంత్రం సెంటర్లో బజ్జీల బండి పెడుతుంది, పొద్దున పొలం పనికి వెళ్తుంది. నలభై ఆరేళ్లు ఉంటాయి. ఆమెకి రాత్రి భోజనం చేశాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చేది. గంట, రెండు గంటలు పట్టుకుని ఉండేది. వీపులోకి, కుడి భుజం కిందకి పాకేది. వాంతి అయ్యేది. అందరం గ్యాస్ అన్నాం. ఆమె ఈనో తాగింది, గ్యాస్ బిళ్లలు మింగింది, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు వేయించుకుంది. ఎనిమిది నెలల్లో మూడుసార్లు ఇలా అయ్యాక గుంటూరు వెళ్లి స్కానింగ్ తీయించుకుంటే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు చాలా ఉన్నాయని వచ్చింది. ఆపరేషన్ చేయించుకోవాలి, ఎక్కువ రోజులు ఆగొద్దు అన్నారు డాక్టరు. సంఘంలో ఇరవై వేలు అప్పు అడిగింది. పరీక్షలకి, దారి ఖర్చులకి, బండి ఆగిన రోజులకి అని.

మేము ఇవ్వలేదు. డబ్బులు లేక కాదు, పొదుపు ఖాతాలో ఉన్నాయి. ఆపరేషన్ అనేసరికి మాకు భయం వేసింది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. మా పదకొండు మందిలో నలుగురికి గర్భసంచి లేదు. ఒకామెకి ఇరవై ఏడేళ్లకే తెల్లబట్ట అవుతుందని చెప్తే తీసేశారు. అప్పటినుంచి ఆమెకి నడుము నిలవదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో అందరికన్నా మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ అని తేలింది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు వాళ్లలో నూటికి దాదాపు 9 మంది. దేశం మొత్తం మీద చూస్తే 3. మరి మనల్ని ఒకసారి కోసిన చోట మళ్లీ నమ్మడం ఎలా? బజ్జీల అక్క స్కాన్ కాగితం చూపిస్తుంటే మాకు అదే గుర్తొచ్చింది. "మళ్లీ మొదలుపెట్టారు, డబ్బుల కోసం చెప్తారు" అన్నాం. ఉలవకట్టు తాగమన్నాం. కొండపిండాకు కషాయం, అరటి దూట రసం, తలా ఒకటి చెప్పాం. "ఆరోగ్య అప్పు వాయిదా వేయడమైనది" అని రాసేశాం.

ఆ మందులన్నీ కిడ్నీ రాళ్లకి చెప్పుకునేవి. ఈ రాయి వేరు, ఆ రాయి వేరు అని మాకు తెలియదు. ఇది తర్వాత గుంటూరు పెద్దాసుపత్రిలో తెలుసుకున్నాం. కిడ్నీలో చిన్న రాయి ఉంటే నీళ్లు ఎక్కువ తాగితే మూత్రంలో పడిపోవచ్చు. గాల్‌బ్లాడర్ అంటే కాలేయం కింద అంటుకుని ఉండే చిన్న సంచి. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని దాచిపెట్టి, మనం నూనె, కొవ్వు తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. మూత్రం దారికీ దానికీ సంబంధమే లేదు. ఎన్ని బిందెలు నీళ్లు తాగినా ఆ రాయి అందులోంచి పోదు. కిడ్నీ రాయిని మిషన్‌తో పగలగొట్టినట్టు దీన్ని పగలగొట్టరు. కరగడానికి ఒక బిళ్ల ఉంది కానీ కొన్ని రకాల చిన్న రాళ్లకే పనిచేస్తుంది, నెలల తరబడి వాడాలి, ఆపేస్తే మళ్లీ వస్తాయి. రాళ్లొక్కటే తీసి సంచి ఉంచినా మళ్లీ తయారవుతాయి. అందుకే సంచితో సహా తీసేస్తారు.

అక్క కషాయం తాగింది. మధ్యలో మరో రెండుసార్లు నొప్పి వచ్చిందట, మాకు చెప్పలేదు. ఏం చెప్తుంది, మేమే కదా వద్దన్నది. ఇంట్లో ఆయన "మిరపకోతలు అయ్యాక చూద్దాం" అన్నాడు. అత్తగారు "మా రోజుల్లో స్కానింగులు లేవు, రాళ్లూ లేవు" అంది.

2024 జనవరి. కోతలు మొదలయ్యాయి. కల్లంలో కాయలు ఆరబోస్తుంటే అక్కకి చలిజ్వరం వచ్చింది. సాయంత్రానికి కళ్లు పసుపు పచ్చగా అయ్యాయి. మూత్రం పసుపు నీళ్లలాగా, విరోచనం తెల్లగా సున్నంలాగా. పచ్చకామెర్లు, పసరు పోయిద్దాం అన్నారు ఇంట్లో. మా యానిమేటర్ చెల్లి ఒప్పుకోలేదు, 108కి ఫోన్ చేసింది. సంచిలోంచి ఒక రాయి జారి పైత్యరసం వచ్చే గొట్టంలో అడ్డం పడిందట. రసం కదలక చీము పట్టింది. ఆ రాత్రి మాలో ఇద్దరం ఆస్పత్రి వరండాలో కూర్చున్నాం. పదకొండు సంతకాల్లో రెండు మావి. ఆమె చిన్న కూతురు "అత్తా, అమ్మకి ఏం కాదుగా" అని అడుగుతుంటే మాకు ఆ మినిట్స్ పుస్తకం కళ్ల ముందు కనపడింది.

ముందు నోట్లోంచి గొట్టం పంపి ఆ రాయి తీశారు. జ్వరం తగ్గాక సంచి ఆపరేషన్. చిన్న రంధ్రాలతో మొదలుపెట్టారు కానీ లోపల అంతా అతుక్కుపోయి ఉండటంతో పొట్ట కోయాల్సి వచ్చింది. పన్నెండు రోజులు ఆస్పత్రి, రెండు నెలలు ఇల్లు. అర్ధరాత్రి హడావిడిలో ఆ ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కార్డు చెల్లుతుందా అని అడగడం కూడా ఎవరికీ తోచలేదు. లక్షా పదివేలు అయింది. అందులో సగం బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. రూపాయి వడ్డీకి ఇరవై వేలు ఇవ్వని సంఘం మాది. కోతల డబ్బులు పోయాయి, బండి మూతపడింది. అక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇక్కడితో అయితే "డాక్టరు చెప్తే ఆపరేషన్ చేయించుకోండి" అని చెప్పి కూర్చునేవాళ్లం. కానీ అదే ఏడాది జూన్‌లో ఇంకోటి జరిగింది.

మాలో బట్టలు కుట్టే చెల్లి ఉంది, ముప్పై నాలుగేళ్లు. నెలసరి నొప్పి ఎక్కువగా ఉందని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే పొట్ట స్కానింగ్ చేశారు. నెలసరి సంగతి పక్కనబెట్టి, గాల్‌బ్లాడర్‌లో ఎనిమిది మిల్లీమీటర్ల రాయి ఒకటి ఉంది, వెంటనే తీయకపోతే క్యాన్సర్ అవుతుంది, రేపే అడ్మిట్ అవ్వమన్నారు. చెల్లి ఏడుస్తూ వచ్చింది. మేము అరగంటలో మీటింగు పెట్టి యాభై వేలు ఇద్దామనుకున్నాం! ఒకసారి వద్దని తప్పు చేశాం కదా, ఈసారి తొందరపడి ఆ తప్పు కడుక్కుందామని. తీర్మానం రాస్తుంటే బజ్జీల అక్కే పెన్ను పట్టుకుని ఆపింది. "నీకెప్పుడైనా నాలాగా నొప్పి వచ్చిందా?" అని అడిగింది. రాలేదు. జ్వరం? లేదు. వాంతులు? లేవు. "అయితే ఇంకో డాక్టర్ని అడిగొద్దాం" అంది.

మర్నాడు ముగ్గురం కలిసి గుంటూరు పెద్దాసుపత్రి సర్జరీ ఓపీకి వెళ్లాం. చీటీ కోసం పొద్దున్నే లైన్లో నిలబడాలి, మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ డాక్టరమ్మ కాగితం చూడకముందే అక్క అడిగిన ప్రశ్నే అడిగింది. నొప్పి ఉందా అని. తర్వాత మాకు విడమరచి చెప్పింది. రాళ్లుండి కూడా ఏ బాధా లేనివాళ్లే ఎక్కువ మంది. అలాంటివాళ్లలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా నొప్పి మొదలవుతుంది. మిగతా వాళ్లకి ఆ రాయి అలాగే పడి ఉంటుంది. వాళ్లకి మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు. క్యాన్సర్ రావడం చాలా అరుదు. రాయి మూడు సెంటీమీటర్లు దాటి పెద్దదైనా, సంచి గోడ సున్నంలా గట్టిపడినా, లోపల పెద్ద కండ పెరిగినా, సికిల్ సెల్ లాంటి రక్తజబ్బు ఉన్నా, బాధ లేకపోయినా తీయడం గురించి ఆలోచిస్తారట. చెల్లికి ఇవేవీ లేవు.

అదే నొప్పి మొదలైతే లెక్క మారిపోతుంది. ఒకసారి వచ్చి మళ్లీ రానివాళ్లూ ఉంటారు కానీ, మళ్లీ మళ్లీ రావడమే ఎక్కువ. సంచి వాయవచ్చు, రాయి జారి కామెర్లు రావచ్చు, క్లోమం వాచి ప్రాణాపాయం కావచ్చు. కాబట్టి నొప్పి వస్తున్నవాళ్లు జ్వరం, కామెర్లు వచ్చేదాకా ఆగకుండా, తీరిగ్గా ఒక తారీఖు పెట్టుకుని చేయించుకుంటే మంచిది. అలా అయితే మామూలుగా నాలుగు చిన్న రంధ్రాలతో అయిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి, వారం రెండు వారాల్లో తేలిక పనులకి. మిరప టిక్కీలు, నీళ్ల బిందెలు ఎత్తడానికి మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

ఆపరేషన్‌లో ప్రమాదం లేదా అని కూడా అడిగాం. ఉందని దాచకుండా చెప్పింది. రక్తం పోవచ్చు, చీము పట్టవచ్చు, వెయ్యిమందిలో ముగ్గురు నలుగురికి పైత్యరసం గొట్టానికే దెబ్బ తగలవచ్చు. అది తగిలితే పెద్ద కష్టం. ఇంత చిన్న లెక్క అయినా, అవసరం లేని మనిషికి ఎందుకు ఆ రిస్కు అంది. ఈ ఒక్క మాట మా గర్భసంచి అక్కలకి ఎవరన్నా చెప్పి ఉంటే!

సంచి తీసేస్తే జీర్ణం కాదని, జీవితాంతం గంజి తాగాలని మనవాళ్లు అంటారు. అది నిజం కాదు. పైత్యరసం తయారుచేసేది కాలేయం. అది తన పని చేస్తూనే ఉంటుంది, రసం నేరుగా పేగులోకి పోతుంది. కొందరికి కొన్నాళ్లు విరోచనాలు పలచగా అవుతాయి. బజ్జీల అక్కకి నెల రోజులు అయ్యాయి, తర్వాత సర్దుకున్నాయి. ఇప్పుడు అన్నీ తింటుంది, తన బజ్జీలు తప్ప. వాసన చూసి చూసి విసుగొచ్చిందట, దానికి రాళ్లతో పనిలేదు.

ఇంకోటి. పొట్ట పైభాగంలో వచ్చే ప్రతి నొప్పీ రాళ్లదే అనుకోవద్దు. చెమట పట్టి, ఆయాసంగా ఉంటే అది గుండెది కూడా కావచ్చు, ముందు ఈసీజీ తీయించుకోవాలి. కడుపుతో ఉన్న పిల్లలకి ఈ నొప్పి వస్తే పురుటి నొప్పులని ఇంట్లో కూర్చోబెట్టకండి. పథ్యం పేరుతో ఒకేసారి తిండి మానేసి గబగబా చిక్కిపోయేవాళ్లకి కూడా ఈ రాళ్లు వస్తాయట. మాలో ఇద్దరు ఫోన్‌లో వీడియోలు చూసి అదే చేస్తున్నారు.

చెల్లి ఆపరేషన్ వద్దనుకుంది. యాభై వేలు ఖాతాలోనే ఉన్నాయి. ఏడాది దాటింది, ఏ నొప్పీ లేదు. స్కాన్ కాగితం కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకుంది. నొప్పి వస్తే మాత్రం ఆగను, అప్పుడు మీరు వద్దన్నా వినను అని ముందే చెప్పింది. నెలసరి నొప్పికి వేరే డాక్టరు దగ్గర మందులు వాడుతోంది.

పాత తీర్మానాన్ని మేము కొట్టేయలేదు, అలాగే ఉంచాం. దాని కింద కొత్తది రాశాం. ఆరోగ్యం కోసం అప్పు అడిగితే ఆపరేషన్ కావాలా వద్దా అని సంఘం ఓటు వేయదు. అది ఆమె, డాక్టరు తేల్చుకోవాలి. మేము చేసేది ఒకరం తోడు వెళ్లడం. నా నొప్పి ఈ రాయి వల్లే అని ఎలా తెలిసింది, ఆగితే ఏమవుతుంది, చేయించుకుంటే ఏమవుతుంది అని కాగితం మీద రాసుకెళ్లి అడగడం. అత్యవసరం కానప్పుడు రెండో డాక్టరుకి చూపించడం. కార్డు చెల్లుతుందో లేదో అడ్మిట్ కాకముందే అడగడం. డాక్టర్లు కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

అక్క బయట అప్పులో ఇంకా ఇరవై రెండు వేలు ఉంది. ఈ నెల సంఘం అప్పు ఇచ్చి ఆ మూడు రూపాయల వడ్డీ తీర్చేస్తున్నాం. ఆమె ఇక్కడే ఉంది, మూడో వరుసలో, ఆకుపచ్చ చీర. భోజనాల దగ్గర మీలో ఎవరి సంచిలోనైనా స్కాన్ కాగితం ఉంటే ఆమె పక్కన కూర్చోండి. మచ్చ కూడా చూపిస్తానంది, కానీ మగవాళ్లు వెళ్లాకే.