తంగేడు చెక్క, చేని గట్టు

విజయవాడలో ఈ సభకు వచ్చిన స్నాతకుల్లో తెనాలి వైపు వాళ్ళుంటే యలవర్రు పేరు వినే ఉంటారు. యలవర్తి నాయుడమ్మ 1922లో అక్కడే పుట్టారు. తర్వాత మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. డాక్టర్లు పట్టాలు పుచ్చుకునే చోట తోళ్ళ గొడవేమిటని ఎవరైనా నవ్వుకోవచ్చు. తోలంటే ప్రధానంగా కొల్లాజెన్. క్యాన్సర్ పరిశోధకులు ఇవాళ ఆరా తీస్తున్నదీ దాని సంగతే.

కొల్లాజెన్ మూడు పేటల పురి అని 1954లో మద్రాసులోనే జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చారు. వాళ్ళకు కంగారూ తోక స్నాయువు దొరికింది ఆ తోలు సంస్థలోనే!

పచ్చితోలును తంగేడు చెక్క రసంలో నానబెడితే టానిన్లు కొల్లాజెన్ పోగులను బిగిస్తాయి. కుళ్ళాల్సిన తోలు ఏళ్ళతరబడి నిలుస్తుంది. కణితి చుట్టూ జరిగేదీ అలాంటి బిగింపే, రసాయనం మాత్రం వేరు. లైసిల్ ఆక్సిడేస్ అనే ఎంజైము పోగుకూ పోగుకూ లంకె వేస్తుంది. రొమ్ములో గడ్డను తడిమే డాక్టరు మునివేళ్ళకు గట్టిగా తగిలేది చాలావరకు ఇదే. ఆ గట్టిదనం జబ్బు వల్ల వచ్చిందనే చాలాకాలం అనుకున్నారు. 2009లో కాలిఫోర్నియాలో వాలరీ వీవర్ బృందం ఎలుకల్లో ఆ ఎంజైమును అడ్డుకుంటే కణితులు తగ్గాయి. అంటే జబ్బును ముందుకు తోసేదాంట్లో గట్టిదనానికీ వాటా ఉంది.

మిగతాది డెల్టా పిల్లలకు చెప్పడం తేలిక. చేని గట్టు నీళ్ళను ఆపుతుంది, మనిషికి బాటా అవుతుంది. కణితి అంచును చుట్టుకున్న పోగులు కట్టడి చేసినట్టే ఉంటాయి. అవే అంచుకు అడ్డం తిరిగి బయటికి సాగితే, క్యాన్సర్ కణాలు వాటి వెంబడే పాకిపోతాయి. అలాంటి అమరిక ఉన్న రొమ్ము క్యాన్సర్ రోగులు బతికే అవకాశాలు తక్కువని 2011లో విస్కాన్సిన్ పరిశోధకులు చూపారు.

మరి గట్లన్నీ తవ్వేస్తే?

పోగుల లంకెలను అడ్డుకోవడానికి తయారుచేసిన సిమ్టుజుమాబ్ అనే మందు క్లోమ క్యాన్సర్ రోగులకు అక్కరకు రాలేదు. 2021లో హ్యూస్టన్‌లో రఘు కల్లూరి బృందం, ఎలుకల క్లోమ కణితుల చుట్టూ ఉండే మయోఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ తయారుచేయకుండా ఆపింది. జబ్బు తగ్గకపోగా ఉరకలేసింది. మరుసటి ఏడాదికి గుట్టు కొంత విడింది. మామూలు ఒకటో రకం కొల్లాజెన్ పురిలో రెండు పేటలు ఒక తీరు, మూడోది వేరు. క్యాన్సర్ కణం సొంతంగా పేనుకునే దానిలో మూడూ ఒకే తీరు. ఆ ఒక్కదాన్ని తీసేసిన ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి.