రంధ్రం యంత్రంలో ఉంటే చార్జిషీటు ఉద్యోగికా?

(ఖరగ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త అధ్యయన తరగతిలో ఒక సంఘ నాయకుడు చేసిన ప్రసంగ పాఠం)



ఖరగ్‌పూర్ తెలుగు కార్మికునికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి వచ్చి వర్క్‌షాపులోను, యార్డులోను చెమటోడ్చినవారి సంతతి ఈ సభలో ఉన్నది. 1920 దశకంలో వి.వి. గిరిగారు ఈ రైల్వే కార్మికులను సంఘటితపరచిన నాడు ప్రధాన సమస్య ఉద్యోగాల కోత. ఈనాడు నేను ప్రస్తావించదలచిన విషయం తొలివినికిడికి సంఘానికి సంబంధం లేనిదిగా తోచవచ్చును. కంప్యూటరులో పాటలు, చలనచిత్రాలు ఆడించే ప్లగ్-ఇన్‌లు, వాటిలోని భద్రతా లోపాలు నా విషయం. అయితే లోపం ఒకరిది, శిక్ష మరొకరిది అయినప్పుడు అది తప్పక సంఘం పట్టించుకోవలసిన విషయమే.

ట్రాప్ పాయింటు లేని సైడింగు

ఇంటర్నెట్టు పేజీలను తెరచి చూపే సాఫ్ట్‌వేరును బ్రౌజరు అంటారు. మొదట్లో దానికి అక్షరాలు, బొమ్మలు చూపడమే చేతనయ్యేది. దృశ్యాలు ఆడించడానికి ఇతర కంపెనీలు తయారుచేసిన చిన్న సాఫ్ట్‌వేర్లను దానికి తగిలించేవారు. అవే ప్లగ్-ఇన్‌లు. ఫ్లాష్, క్విక్‌టైమ్, రియల్ ప్లేయర్, సిల్వర్‌లైట్ ఈ కోవలోనివి. 1996లో పుట్టి, 2005లో అడోబీ కంపెనీ చేతికి వచ్చిన ఫ్లాష్ వీటన్నింటిలోకి విస్తారంగా వ్యాపించింది.

మెయిన్ లైనుకు ప్రైవేటు సైడింగును కలిపినప్పుడు మనం ట్రాప్ పాయింటు పెడతాము. అనుమతి లేకుండా కదిలిన వ్యాగను మెయిన్ లైను ఎక్కక అక్కడే పట్టాలు తప్పుతుంది. ప్లగ్-ఇన్‌లకు చాలాకాలం ఇటువంటి ఏర్పాటు లేదు. కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగికి ఎన్ని అధికారాలుంటే ప్లగ్-ఇన్‌కూ అన్నీ ఉండేవి. దానిలోకి దూరినవాడు నేరుగా కార్యాలయంలోకి దూరినట్లే.

దూరడం ఎట్లు సాధ్యం? సైడింగు నుండి వ్యాగను తీసివేశారు, రిజిస్టరులో మాత్రం కొట్టివేయలేదు అనుకుందాము. ఆ ఖాళీలో మరొకడు తన వ్యాగను తెచ్చి నిలిపితే, రిజిస్టరును నమ్మినవారు దానినే మన బండికి తగిలిస్తారు. కంప్యూటరు మెమరీలో జరిగే ఇటువంటి పొరపాటే 2015 జూలైలో ఫ్లాష్‌లో బయటపడింది. ఇటలీలో ప్రభుత్వాలకు నిఘా సాధనాలు అమ్మే హ్యాకింగ్ టీమ్ అనే కంపెనీ రహస్య పత్రాలు వెల్లడైనప్పుడు, ఈ లోపాన్ని అది గుట్టుగా దాచి ఉంచుకొన్నదని లోకానికి తెలిసింది. వ్యాపారస్థునికి లోపం కూడా సరకే అయినదన్నమాట!

మూడు సంఘటనలు

మొదటిది 2011 మార్చి నాటిది. భద్రతా సాధనాలు తయారుచేసే ఆర్.ఎస్.ఎ. అనే అమెరికన్ కంపెనీలో కొందరు ఉద్యోగులకు ఉద్యోగ నియామకాల ప్రణాళిక అన్న శీర్షికతో ఒక ఈమెయిలు వచ్చింది. జతచేసిన ఎక్సెల్ పత్రంలో ఫ్లాష్ తునక ఒకటి దాగి ఉన్నది. ఒక ఉద్యోగి ఆ పత్రాన్ని తెరిచారు. అంతటితో చొరబాటు జరిగిపోయింది. ఆ ఉద్యోగి అజాగ్రత్త గురించి ఎన్నో వ్యాఖ్యలు వెలువడినవి. కాని పత్రం తెరచిన నాటికి ఆ రంధ్రానికి అతుకు లోకంలో ఎక్కడా లేదు. అడోబీ దానిని తయారుచేసి విడుదల చేసినది ఆ తరువాతనే. లేని తాళం వేయలేదని కావలివానిని నిందించవచ్చునా?

రెండవది 2017 అక్టోబరు 24న జరిగింది. ఫ్లాష్‌కు కొత్త వెర్షన్ వచ్చింది, స్థాపించుకొనండి అని కొన్ని వెబ్‌సైట్లలో కనిపించిన సందేశం నకిలీది. దానిని నమ్మినవారి కంప్యూటర్లలో బ్యాడ్ ర్యాబిట్ అనే సాఫ్ట్‌వేరు ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఉక్రెయిన్‌లో కీవ్ మెట్రో చెల్లింపుల వ్యవస్థ, ఒడెస్సా విమానాశ్రయం, రష్యాలో ఇంటర్‌ఫ్యాక్స్ వార్తాసంస్థ దెబ్బతిన్నవి. నిజమైన అతుకులు తరచుగా వచ్చే చోట దొంగ అతుకును గుర్తించడం సామాన్య ఉద్యోగికి ఎంత కష్టమో ఇది చెప్పుచున్నది.

మూడవది మన వృత్తికి మరింత దగ్గరిది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ను నిలిపివేస్తామని అడోబీ 2017 జూలైలోనే ప్రకటించింది. 2021 జనవరి 12 నుండి అది పనిచేయడం మానివేసింది. ఆ ఉదయం చైనాలోని దాలియన్ రైల్వే విభాగంలో సిబ్బంది పనికి వాడే పేజీలు తెరుచుకోలేదు. సాంకేతిక సిబ్బంది రాత్రంతా శ్రమించి, చివరకు పాత ఫ్లాష్‌నే తిరిగి స్థాపించుకొన్నారు. రైళ్లు ఆగిపోయినవన్న వార్త నిజం కాదు. మూడున్నర సంవత్సరాల వ్యవధి ఇచ్చినా పైవారు మేల్కొనలేదు, రాత్రంతా మేల్కొన్నవారు కింది సిబ్బంది. ఇది మాత్రం నిజం.

పేరు మారిన ప్రమాదం

ఫ్లాష్ పోయింది. సిల్వర్‌లైట్‌కు 2021లో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు 2022లో కాలం చెల్లింది. ఇక చింత లేదనుకొనరాదు. కంపెనీ చేతులు దులుపుకొన్న సాఫ్ట్‌వేరుకు అతుకులు రావు. అది మిగిలి ఉన్న ప్రతి కంప్యూటరు తెరచిన తలుపే. నకిలీ అప్‌డేటు మోసం ఇప్పుడు సెల్‌ఫోనులోకి దిగింది. పార్శిలు అందలేదు, చిరునామా సరిచేయండి అని తపాలా శాఖ పేరిట వస్తున్న దొంగ సందేశాలను కౌంటరు దగ్గర ఎందరో మీకు చూపించి ఉంటారు. పింఛనుదారులైన మన పెద్దలు ఇటువంటి సందేశాలకు ఎక్కువగా గురి అవుతున్నారు. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని ప్రతి యూనిట్ వారికి తెలియజెప్పవలెను.

మనం కోరవలసినది

ఈ ఖరగ్‌పూర్ యార్డులో 2017 నవంబరు నుండి 800 మార్గాలను ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ నడుపుతున్నది. సిగ్నల్ యంత్రాలు వేరు, కార్యాలయ కంప్యూటర్లు వేరు. రెంటినీ కలిపి మిమ్ములను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. సిగ్నల్ చెడినప్పుడు పాటించే న్యాయాన్ని కంప్యూటరు చెడినప్పుడు కూడా పాటించమంటున్నాను. సిగ్నల్ చెడితే స్టేషను మాస్టరు మెమో ఇస్తారు, సమయం రిజిస్టరులో ఎక్కుతుంది, మరమ్మతు చేసినవారు సంతకం పెడతారు. ఎవరి బాధ్యత ఎంతో కాగితం మీద ఉంటుంది. మన బల్ల మీది కంప్యూటరుకు అటువంటి రిజిస్టరు ఏది?

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశం ప్రకారం చొరబాటును గమనించిన 6 గంటలలోగా తెలియజేయవలెను. తెలిపిన వెంటనే రైల్వేలో ఎస్.ఎఫ్. 5, తపాలాలో రూల్ 14 కింద అభియోగపత్రం చేతికి వస్తుందన్న భయమున్న చోట ఏ ఉద్యోగి నోరు విప్పుతాడు? భయం వలన సమాచారం దాగుతుంది, దాగిన కొద్దీ నష్టం పెరుగుతుంది. కావున ఈ క్రింది కోర్కెలను ప్రతి శాఖ తీర్మానించి యాజమాన్యానికి పంపవలసినదిగా కోరుచున్నాను.

1. ప్రతి కార్యాలయంలో కంప్యూటర్లకు లోపాల రిజిస్టరు ఉండాలి. ఏ సాఫ్ట్‌వేరు ఉన్నది, దానికి గడువు ఎప్పుడు, అప్‌డేటు చేసే బాధ్యత ఎవరిది అన్నవి అందులో నమోదు కావాలి.

2. అప్‌డేటు చేయడం సాంకేతిక సిబ్బంది విధిగా ఉండాలి. కౌంటరు ఉద్యోగి నెత్తిన రుద్దరాదు.

3. డ్యూటీ సమయంలోనే, ఉద్యోగికి అర్థమయ్యే భాషలో శిక్షణ ఇవ్వాలి. ఇక్కడ హిందీ, బెంగాలీలతోపాటు తెలుగు కూడా అవసరమే.

4. అనుమానం కలిగిన వెంటనే నిజాయితీగా తెలియజేసిన ఉద్యోగిపై శిక్షాచర్య తీసుకొనరాదు.

మన వైపున కూడా బాధ్యత ఉన్నది. పాస్‌వర్డు ఒకరిది మరొకరు వాడరాదు. తెరపై కనిపించిన ప్రతి అప్‌డేటునూ నొక్కరాదు. అనుమానం వస్తే వ్రాతపూర్వకంగా తెలిపి, నకలు దగ్గర ఉంచుకొనండి. రేపు విచారణలో మీ పక్షాన మాట్లాడేది ఆ కాగితమే.

సమాన బాధ్యత, న్యాయమైన విచారణ సాధించుకొందాము. కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!