నిషేధం పెడితే మాట వచ్చింది
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవాల్సిన చోట పిల్లల ఆటల గురించి చెప్పమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. పది నిమిషాలు ఓపిక పట్టండి.

బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిది, పది తరగతుల పిల్లలు 11 మంది కూర్చుంటారు. నేను మాస్టర్ని కాను, ఫైళ్ళ మీద నోట్లు రాసి రిటైరైన గుమాస్తాని. మా మనవడి తెలుగు నోట్సు చూసి ఈ పనికి దిగాను. ‘మా ఊరు’ అని వ్యాసం రాశాడు. అందులో మా ఊరు తప్ప అన్నీ ఉన్నాయి. పాడిపంటలు, పచ్చని పొలాలు, పిల్ల కాలువలు! వాడు పుట్టి పెరిగింది గుంటూరు నడిబొడ్డున. ‘గైడులో అట్లాగే ఉంది తాతయ్యా’ అన్నాడు.

పిల్లల చేత రాయించాలంటే ఆటలు పెట్టాలని ఇప్పుడు కొత్తగా చెబుతున్నారు. మనకది కొత్తేమీ కాదు. అష్టావధానం ఆట కాక మరేమిటి? ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడ్డు తగులుతుంటే ఒకాయన పద్యం చెప్పాలి. నరసరావుపేట తాలూకా కొప్పరం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు ఆశువుగా పద్యాలు చెప్పి సభలను ఊపేసినవాళ్ళే. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పంతులు. విశ్వనాథ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి ఆయన శిష్యులే. అంత అవధాని క్లాసులో ఉంటే పిల్లలకు రాత ఎట్లా పట్టుబడిందో ఊహించుకోవచ్చు.

మా పిల్లలకు ఛందస్సు రాదు. నాకూ అంతంత మాత్రమే. అందుకని యతిప్రాసలు పక్కన పెట్టి, ఆట మాత్రం ఉంచుకున్నాను. ‘పద్యం లేకపోతే అది అవధానమెట్లా అవుతుందండీ’ అని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. కాదు నిజమే. దానికి పేరు పెట్టే పని కూడా నేను పెట్టుకోలేదు.

సమస్య అంటే చివరి పాదం వాళ్ళిస్తారు, పొసగని మాటను పొసిగేట్టు చేయాలి. నేను చివరి వాక్యం ఇస్తాను. ‘అందుకే తాతయ్య తాళం వేసిన ఇంటికి మళ్ళీ తాళం వేశాడు.’ అక్కడి దాకా కథ నడిపించడం వాళ్ళ పని. దత్తపదికి నాలుగు మాటలు: గొడుగు, గోంగూర, బస్సు పాసు, ఉత్తరం. అప్రస్తుత ప్రసంగం ఒక్కసారి పెట్టి మానేశాను. అది ఆ వయసు వాళ్ళకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

అన్నిట్లోకీ బాగా పనిచేసింది నిషిద్ధాక్షరి. అవధానంలో ఫలానా అక్షరం వాడరాదని పృచ్ఛకుడు అడుగడుగునా అడ్డం కొడతాడు. మా దగ్గర అక్షరానికి బదులు మాటకు నిషేధం. ఒక ఆదివారం ‘మిర్చి యార్డు గురించి రాయండి. ఎరుపు, ఘాటు, కారం, మంట, ఈ నాలుగూ నిషిద్ధం’ అన్నాను. పిల్లలు గోల చేశారు. ఇంకేం మిగిలిందండీ అన్నారు. పావుగంట ఎవరి కలమూ కదల్లేదు.

యార్డులో టిక్కీలు మోసే హమాలీ కొడుకు ఒకడున్నాడు, తొమ్మిదో తరగతి. రెండు వాక్యాలు రాసిచ్చాడు. ‘నాన్న యార్డు కాణ్ణించి రాగానే సెల్లి ఎదురు పరుగెత్తుద్ది. నాన్న సేతులు ఎనక్కి పెట్టుకుంటాడు.’

నిషేధించిన మాట ఒక్కటీ లేదు. అన్నీ ఉన్నాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. చేతికి కాగితం వస్తే దిద్దకుండా వదలలేని అలవాటు నాది. ఎర్రసిరాతో ‘సెల్లి’ని ‘చెల్లి’ చేశాను, ‘ఎనక్కి’ కొట్టేసి ‘వెనుకకు’ అని రాశాను. ‘పరుగెత్తుద్ది’ కింద రెండు గీతలు గీశాను. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరువాతి రెండు ఆదివారాలు రాలేదు.

గిడుగు వారి పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సభల్లో దండలు వేస్తాం. వాడుక భాష కోసం ఆయన ఎంత పోరాడారో నేనే ఒకసారి మైకు ముందు చెప్పాను. ఇంటికొచ్చి చేసింది ఇదీ.

మూడో వారం మా మనవణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి కంగారుపడి కుర్చీ తెచ్చాడు, ‘మావోడు ఏవన్నా తప్పు చేశాడా బాబుగారూ’ అన్నాడు. లేదయ్యా, తప్పు నాదే అన్నాను. కాగితం ఇంకా ఉందా అని పిల్లవాణ్ణి అడిగితే పుస్తకంలోంచి తీసిచ్చాడు. దిద్దుబాట్లు లేకుండా, వాడు రాసింది రాసినట్టే తండ్రికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. చేతులకేసి చూసుకుని, ‘ఈడు ఇయ్యన్నీ సూత్తన్నాడా’ అన్నాడు.

ఇప్పుడు వాడు క్రమం తప్పకుండా వస్తున్నాడు. పరీక్షకు ‘చెల్లి’ అనే రాస్తాడు, అది వాడికీ తెలుసు. మా వరండాలో మాత్రం ‘సెల్లి’కి నిషేధం లేదు.

పిల్లలు పెరుగుతున్నారు, అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకొక ఇద్దరు ముగ్గురు పృచ్ఛకులు కావాలి. తీరిక ఉన్నవాళ్ళు ఆదివారం తొమ్మిదింటికి రండి. కాఫీ మా ఇంట్లో ఇస్తారు. ఎర్రసిరా పెన్ను మాత్రం తేవద్దు. సెలవు.