జీవరసాయన శాస్త్ర పట్టా: పదవ తరగతిలోనే తెరచుకునే ద్వారం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బదియైదేండ్ల పండుగనాడు పాఠశాల గతాన్ని స్మరించుకోవడం పరిపాటి. ఆ పనిని నాకంటె పెద్దలు చక్కగా చేయగలరు. నాకు కేటాయించిన ఈ కొద్ది సమయాన్ని తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల కొరకు, వారి తల్లిదండ్రుల కొరకు వినియోగించదలచాను. జీవరసాయన శాస్త్రంలో పట్టభద్రులు కావాలంటే ఏ అర్హతలుండాలి, కళాశాలలో ఏమి చదవవలసి ఉంటుంది అన్నది నేటి నా విషయం. ఇంత సంబరంలో ఇదేమి విషయమని మీరనుకోవచ్చు. దానికొక కారణమున్నది.

చాలా ఏండ్ల క్రితం పదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "టీచర్, మాత్ర కడుపులోకి పోతే తలనొప్పి ఎట్లా తగ్గుతుంది? అది తెలుసుకోవాలంటే ఏం చదవాలి?" అని అడిగింది. పరీక్షల రోజులు. "ముందు పది గట్టెక్కు తల్లీ, తరువాత చూద్దాం" అన్నాను. ఆ పిల్ల మంచి మార్కులతోనే ఉత్తీర్ణురాలైంది. ఆంగ్లంలో సైన్సు చదవలేనన్న భయంతో పదకొండులో ఆర్ట్స్ తీసుకున్నది. పన్నెండు పూర్తయ్యాక మళ్ళీ వచ్చి అదే ప్రశ్న అడిగింది. అప్పటికి ద్వారం మూసుకుపోయింది. ఆమె తరువాత బి.ఏ. చదివి గౌరవంగా జీవిస్తున్నది. నాపై ఆమెకు కోపం లేదు. కాని ఆనాడు నేను చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పలేదన్న బాధ నాకున్నది. ఆ మాటలే నేడు మీ అందరికీ చెబుతున్నాను.

జీవరసాయనమంటే ఎక్కడో ఉన్న విద్య కాదు. రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లవారేసరికి పెరుగు కావడం జీవరసాయనమే. సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చడమే అందులోని రహస్యం. మన మరాఠ్వాడా ఇళ్ళలో రోజూ కాల్చే జొన్నరొట్టె కూడా ఒక పరిశోధనాంశమైంది. దక్కను పీఠభూమిలో జొన్నలే ప్రధానాహారంగా ఉన్న పేదలలో పెల్లగ్రా అనే వ్యాధి కనిపించేది. చర్మం కమిలిపోవడం, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం దాని లక్షణాలు. జొన్నలలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చునని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. తరువాత కొందరు శాస్త్రజ్ఞులు దానితో విభేదించారు కూడా. శాస్త్రం ఆ విధంగానే ముందుకు సాగుతుంది. దీనివల్ల జొన్నరొట్టె మానవలసిన పనిలేదు. పప్పు, ఆకుకూరలు, పాలు తోడైతే అది మంచి ఆహారమే.

ఇక అర్హతల మాట. పదవ తరగతి తరువాత పదకొండులో విజ్ఞాన శాఖను ఎంచుకోవాలి. పన్నెండవ తరగతిలో రసాయన శాస్త్రం తప్పక ఉండాలి. చాలా కళాశాలలు జీవశాస్త్రాన్ని కూడా కోరుతాయి. కనీస మార్కుల నిబంధన ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది గనుక, కళాశాల వివరపత్రిక చదవకుండా దరఖాస్తు చేయవద్దు. ఈ పట్టాకు వైద్యవిద్య ప్రవేశపరీక్షతో సాధారణంగా నిమిత్తం లేదు. కేంద్ర విశ్వవిద్యాలయాలలో చేరదలచినవారికి 2022 నుండి ఉమ్మడి ప్రవేశపరీక్ష ఉన్నది. దానిని వ్రాయగల పదమూడు భాషలలో తెలుగు, మరాఠీ రెండూ ఉన్నాయి. ఈ సంగతి మన పిల్లలలో ఎంతమందికి తెలుసు?

గణితాన్ని వదిలించుకోవడానికే జీవశాస్త్రం తీసుకునే పిల్లలు కొందరున్నారు. వారికొక హెచ్చరిక. ఆమ్లక్షారాలను కొలిచే పి.హెచ్. అంటే సంవర్గమానమే. ఒక్క అంకె తేడా వస్తే హైడ్రోజన్ అయానుల గాఢత పదిరెట్లు మారుతుంది. మన రక్తం పి.హెచ్. 7.35 నుండి 7.45 మధ్యనే నిలిచి ఉండాలి. అది ఎట్లా నిలుస్తుందో లెక్కకట్టాలంటే గణితం కావాలి. కనుక వీలైనవారు గణితాన్ని కూడా ఉంచుకోండి.

పట్టా మూడేండ్లది. 2020 నాటి జాతీయ విద్యావిధానం తరువాత నాలుగవ యేడు కూడా చదివి ఆనర్సు పొందే అవకాశం వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ప్రకటించిన విధానం ప్రకారం మూడేండ్లకు కనీసం 120 క్రెడిట్లు, నాలుగేండ్లకు 160 క్రెడిట్లు సంపాదించాలి. నాలుగవ యేట పరిశోధన చేయదలచినవారికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి.

చదివే విషయాలు మెట్ల వంటివి. మొదట జీవాణువుల పరిచయం: పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు, కేంద్రకామ్లాలు. దానితోపాటు కణశాస్త్రం. రెండవ మెట్టు ఎంజైములు, జీవక్రియలు. మనం తిన్న రొట్టెలోని గ్లూకోజు పది అంచెలలో పైరూవిక్ ఆమ్లంగా ఎట్లా మారుతుందో, అందులోనుండి శక్తి ఎట్లా పుడుతుందో అక్కడ నేర్పుతారు. హార్మోన్లు, శరీరధర్మ శాస్త్రం కూడా అక్కడివే. మూడవ మెట్టు జన్యువులు, వాటి వ్యక్తీకరణ, జన్యు ఇంజనీరింగు, రోగనిరోధక శాస్త్రం. విశ్వవిద్యాలయాన్ని బట్టి ఈ వరుస కొంత మారవచ్చు.

ప్రయోగశాల ఈ చదువులో సగం ప్రాణం. మన ఏడవ తరగతి పిల్లలు గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలినలుపు రంగు వస్తుందని, లాలాజలం కలిపి కొంతసేపు ఉంచితే ఆ రంగు రాదని చూసి చప్పట్లు కొడతారు. పట్టా తరగతిలో అదే ప్రయోగం మళ్ళీ చేయిస్తారు. అయితే అక్కడ గడియారం పట్టుకోవాలి. వేడి పెంచితే ఎంత వేగం, ఆమ్లం కలిపితే ఎంత వేగం అని కొలిచి, గ్రాఫు గీసి, కారణం వ్రాయాలి. ఆశ్చర్యపడడం మనం నేర్పాము. కొలవడం కళాశాల నేర్పుతుంది.

ఆ ప్రయోగశాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటున్నది. 1925లో వెలువడిన ఆ పద్ధతి పేరు ఫిస్క్-సుబ్బారో పద్ధతి. అందులోని సుబ్బారో మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. మన ఊరిని తడిపి పారే గోదావరి దిగువన డెల్టాలో చేరే సీమలో, భీమవరంలో, 1895లో వారు జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో లోకానికి తెలియజేశారు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ వారి నాయకత్వంలో పనిచేసిన పరిశోధక బృందం నుండే వచ్చింది. రెండుసార్లు తప్పిన బాలుడిని ఎవరైనా "నీకు చదువు రాదు" అని ఆపివేసి ఉంటే ఎంత నష్టం జరిగేదో తల్లిదండ్రులు ఆలోచించాలి.

ఇక అసలు భయం భాష. ఈ పట్టా బోధన సాధారణంగా ఆంగ్లంలోనే సాగుతుంది. దానిని దాచి చెప్పడం నాకిష్టం లేదు. కాని మాటలు తెలియకపోవడం వేరు, విషయం తెలియకపోవడం వేరు. మాంసకృత్తులను మరాఠీలో ప్రథినే అంటారు, ఆంగ్లంలో ప్రోటీన్లంటారు. మాంసకృత్తులు ఏమి చేస్తాయో తెలుగులో స్పష్టంగా తెలిసిన పిల్ల నేర్చుకోవలసింది రెండు మాటలు మాత్రమే. నాందేడ్ పిల్లలకు మూడు భాషలు చెవినపడుతూనే ఉంటాయి. తొమ్మిదవ తరగతి నుండే ఒక నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి, రోజుకు అయిదు మాటలు వ్రాసుకోండి. మా ఉపాధ్యాయులు వాటిని ప్రతి శనివారం దిద్దుతారు. ఈ సభాముఖంగా మాట ఇస్తున్నాను.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పట్టాతో డాక్టరు కారు. రక్తపరీక్షల కేంద్రంలో టెక్నీషియన్ పనికి వేరే శిక్షణ అడుగుతారు. పట్టా పొందగానే పెద్ద జీతం వస్తుందని నేను ఆశపెట్టను. ఎం.ఎస్సీ. వరకు చదివినవారికి ఔషధ, ఆహార పరిశ్రమలలోను, బోధనలోను, పరిశోధనలోను దారులు విశాలమవుతాయి. ఆడపిల్లను అంతవరకు చదివించడానికి దూరాన్ని సాకుగా చెప్పకండి. ఒకప్పుడు ఇక్కడి కళాశాలలు ఔరంగాబాదులో 1958లో ఏర్పడిన విశ్వవిద్యాలయం క్రింద ఉండేవి. 1994 నుండి స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం మన నాందేడ్‌లోనే ఉన్నది.

పిల్లలారా, మీలో ఎవరికైనా ఆనాటి అమ్మాయి వంటి ప్రశ్న ఉంటే రేపే నా గదికి రండి. పరీక్షలున్నా సరే, ముందు జవాబు చెబుతాను. ఈ పాఠశాల శతవార్షికోత్సవం నాటికి, ఈ వేదికపై మీలో ఒకరు నిలబడి, మాత్ర కడుపులోకి పోతే తలనొప్పి ఎట్లా తగ్గుతుందో తేట తెలుగులో వివరించాలని నా ఆకాంక్ష.