గ్యారంటీ ఇవ్వని వకీలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరింగ్ చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఆ సంగతి చెప్పగలవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. అది వంతెనల పనిలో చేసిన తప్పు కాదు, వకీలును వెతకడంలో చేసిన తప్పు.

కొన్నేళ్ల కిందటి మాట. ఎల్లారెడ్డి దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో పొలం గట్టు కాడ పంచాయితీ అయింది. మాటామాటా పెరిగి తోపులాట దాకా పోయింది. అవతలి మనిషికి పన్ను విరిగింది. మా తమ్ముణ్ని ఠాణాకు తీసుకుపోయారు. చిన్నమ్మ నాకు ఫోన్ చేసి, "బిడ్డా, నువ్వు పెద్ద చదువు చదివినవు. మంచి వకీలును చూడు" అని ఏడ్చింది.

నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఫోన్‌లో వెతికాను. మొదట కనిపించిన పేరు పక్కన ఐదు నక్షత్రాలు, కింద "24 గంటల్లో బెయిలు గ్యారంటీ" అన్న మాట. ఫోన్ చేస్తే అవతలి మనిషి ఏ సెక్షన్ పెట్టారని కూడా అడగలేదు. "చాలా సీరియస్ కేసు సార్, ఈ రాత్రి దాటితే జైలే" అన్నాడు. 50 వేలు పంపాను. తర్వాత తెలిసింది, ఆయన వకీలే కాదు. కేసులు పట్టి వేరేవాళ్లకు అప్పజెప్పే మధ్యవర్తి.

అదే సాయంత్రం పక్కింటాయన చిన్నమ్మను ఎల్లారెడ్డిలో ఒక వకీలు సాబ్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఎఫ్ఐఆర్ చదివి, "అమ్మా, పన్ను విరిగితే చట్టం దాన్ని తీవ్రమైన గాయమే అంటది. 325 సెక్షన్ పెట్టిండ్రు. కానీ ఇది బెయిలబుల్ సెక్షన్. బెయిలు మీ హక్కు. జమానతుకు ఇద్దరిని తీసుకరాండ్రి" అన్నాడట. రాత్రి బువ్వ వేళకు తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. ఠాణాలోనే అడిగి తీసుకోగల బెయిలుకు నేను 50 వేలు పోశాను. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ సెక్షన్ నంబరు 117 అయింది. అది ఇప్పటికీ బెయిలబులే.

తర్వాత ఆ వకీలు సాబ్‌ను కలిసి, "సార్, మీరు ఫోన్‌లో ఎందుకు కనిపించలేదు?" అని అడిగాను. ఆయన నవ్వి, "ప్రకటనలు ఇచ్చుకోవద్దని మాకు నియమం ఉంది" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ సంగతి తెలియదు.

అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 36వ నియమం. ప్రకటనలు, కరపత్రాలు, దళారులు, వీటిలో ఏ దారిలోనూ వకీలు కేసులు అడుక్కోకూడదు. ఇంటి ముందు బోర్డు కూడా మామూలు సైజులోనే ఉండాలి. ఫలానా కేసుల్లో నిపుణుణ్ని అని దాని మీద రాసుకోకూడదు. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు, ఆన్‌లైన్ వేదికల ద్వారా ప్రకటనలు ఇచ్చుకునే వకీళ్లపై చర్యలు తీసుకునేలా చూడమని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. వకీలు వృత్తి వ్యాపారం కాదని గట్టిగా చెప్పింది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ మాట వింటే ఆశ్చర్యపోతారు. అక్కడ 1977లోనే సుప్రీంకోర్టు బేట్స్ కేసులో వకీళ్ల ప్రకటనలను అనుమతించింది. ఫీజు ఎంతో ముందే తెలిస్తే పేదవాడికి మేలు కదా అన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు.

కానీ క్రిమినల్ కేసు సంగతి వేరు. సిమెంటు కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరుగుతాం. కొడుకు ఠాణాలో ఉన్న తల్లి నాలుగు చోట్ల బేరం చేయలేదు. ఆమె భయాన్ని చూసి "గ్యారంటీ" అన్నవాడు ఆ భయాన్నే అమ్ముతున్నాడు. వంతెన ఇంత బరువు మోస్తుందని నేను సంతకం పెడతాను. ఎందుకంటే స్టీలు, కాంక్రీటు నేను పరీక్షించాను. బెయిలు ఇచ్చేది జడ్జి. జడ్జి మనసుకు వకీలు ఎట్లా సంతకం పెడతాడు? పెట్టాడంటే అబద్ధమైనా చెబుతుండాలి, లేదా చేయకూడని పని చేస్తానని ఆశ అయినా పెడుతుండాలి.

ఇంకో మాట. బెయిలు మీద బయటికి వచ్చినవాడి ఫోటో పెట్టి "మా విజయం" అని రీల్స్ చేసేవాళ్లను చూస్తున్నాం. రేపు ఆ మనిషి నిర్దోషిగా తేలినా, ఆ ఫోటో అతని పిల్లల పెళ్లి సంబంధాల దాకా వెంట వస్తుంది. కక్షిదారుడి గుట్టు కాపాడాల్సిన వకీలే దాన్ని ఊరంతా చూపిస్తే ఎట్లా?

అయితే నిజాయితీపరులు పూర్తిగా మౌనంగా ఉంటే ఆ ఖాళీని దళారులు నింపుతారు. నా విషయంలో జరిగింది అదే. నియమం మంచి వకీలును దాచింది గానీ మధ్యవర్తిని ఆపలేకపోయింది. అందుకే మన బడిలో చదివి వకీళ్లైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 2008 నుంచి వెబ్‌సైట్‌లో మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారో పెట్టుకోవడానికి మీకు అనుమతి ఉంది. అంతవరకు పెట్టండి. గ్యారంటీలు, పొగడ్తలు వద్దు.

మిగతా మనకు మూడు మాటలు. ఎవరినైనా అరెస్టు చేస్తే ముందు ఏ సెక్షన్ పెట్టారో, అది బెయిలబులా కాదా అడగండి. డబ్బు ఇచ్చేముందు వకీలు ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, రసీదు తీసుకోండి. స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు, స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు వకీలు ఉచితం.

మా రోజుల్లో జిల్లా కోర్టు అంటే నిజామాబాద్ పోవాలి. 2016లో కామారెడ్డి జిల్లా అయింది, 2022లో జిల్లా కోర్టు కూడా వచ్చింది. కోర్టు మన దగ్గరికి వచ్చాక కూడా నేను వకీలును ఫోన్‌లో వెతికాను.

స్వర్ణోత్సవ గుర్తుగా బడి గేటు దగ్గర పెట్టే నోటీసు బోర్డు మీద ఈ మూడు మాటలు, ఆ నంబరు రాయించమని సంఘాన్ని కోరుతున్నాను. బోర్డు ఖర్చు నాది. 50 వేలు కాదు లెండి, అంతకన్నా చాలా తక్కువే అవుతుంది.